నాలుగొందల పదమూడు

పాలిటెక్నిక్ వెనక గది. కిటికీకి గోనెపట్టా.
కందుకూరులో పొగాకు వేలం నడిచే రోజుల్లో
ఆ ఘాటు ఫ్యాను రెక్కల దాకా వస్తుంది.
ఇక్కడ ఒక సర్వరుంది. దాని కాపలా నాది.
ఉద్యోగం కాంట్రాక్టు,
తాళంచెవి మాత్రం పర్మనెంటు.

ఇన్ని గుంపులు, ఇంత వాగుడు,
ఎట్టా గుర్తుపెట్టుకుంటుందమ్మా ఇది, అని అడుగుతారు.
గుర్తా, పాడా.
ఒకటే ఫైలు. గుంపుకొక వరుస.
పేరు,
చివరి ఉత్తరం నంబరు,
మిగిలినవాటిలో మొదటిదాని నంబరు,
ఆపైన ఒంటి అక్షరం:
ఎవరైనా రాయొచ్చనో, ఎవరూ రాయొద్దనో,
పెద్దమనిషి చూశాకే వెయ్యాలనో.
ఎవరు ఎవర్ని తిట్టారో దానికి పట్టదు.

మా నాన్న వేలం కేంద్రంలో బేళ్ళకి చీటీలు కట్టేవాడు.
ఆకు రంగు కంపెనీవాళ్ళు చూసుకుంటారు,
నంబరు తప్పకుండా చూడ్డం నా పని, అనేవాడు.
కొనేవాడు లేక బేలు బండెక్కి వెనక్కిపోయినా
దాని నంబరు ఇంకో బేలుకి కట్టేవాడు కాదు.

ఇదీ ఆయన బాపతే.
రాత్రి రెండింటికి
పద్నాలుగు రోజులు దాటిన ఉత్తరాలను తుడిచేస్తుంది.
మొదటి నంబరు మెట్టు మీద మెట్టు ఎక్కుతుంది.
చివరి నంబరు ఎక్కడమే గాని
దిగడం ఎరగదు.

కందుకూరు చుక్క సినిమాలు: పొర్లిపోతా ఉంటుంది.
కందుకూరు చుక్క పొగాకు: రేటు పడిన రోజు ముప్ఫై, లేనిరోజు మూడు.
కందుకూరు చుక్క బోర్లు:
పేరులో చుక్కుంది.
నేలలో లేదు.

రిగ్గు లారీ మీద పనిచేసే మాల్యాద్రి
సాయంత్రాలు మట్టి కాళ్ళతో వచ్చి
ఒంటివేలితో కొట్టేవాడు:
వలేటివారిపాలెం, రెండొందల డెబ్భై, రాయి.
పొన్నలూరు నుంచి ఎవరో: మాకూ రాయే.
లింగసముద్రం నుంచి ఇంకెవరో: తడి తగిలింది, మాట మాత్రం ఇవ్వలేను.
అట్టా నాలుగొందల పన్నెండు.
తర్వాత అందరూ ఊరుకున్నారు.
పద్నాలుగు రాత్రుల్లో అర ఖాళీ అయింది.
ఫైల్లో మాత్రం వరుసుంది:
చివరిది నాలుగొందల పన్నెండు,
మొదటిది నాలుగొందల పదమూడు.
చివరిదానికంటే మొదటిది పెద్దదేందని
కొత్తగా వచ్చిన పిల్లోడు నవ్వాడు.
తప్పు కాదు నాయనా,
ఖాళీ అని రాసే పద్ధతి అది.

మే నెలలో కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది.
మూడోసారి వచ్చినప్పుడు ఫైలు లేదు.

మళ్ళీ కట్టమంటే మిషను అర అరా వెతికింది.
ఉత్తరాలున్న అర తన నంబరు తనే చెప్పింది.
బోర్ల అర సున్నా అంది.
సున్నా అబద్ధం కాదు. కానీ
ఒకటి నుంచి మొదలుపెట్టానా,
నాలుగొందల పన్నెండు దాకా చదివినవాడికి
కొత్త ఉత్తరం కూడా పాతదే.
చదివేశావులే అని దాచేస్తుంది మిషను.

ఎవరు ఎంతవరకు చదివారో సర్వరుకి తెలీదు.
ఆ లెక్క చదివినవాళ్ళ దగ్గరే ఉంటుంది.
పక్క మిషన్లో మాల్యాద్రి ఖాతా తెరిచాను.
అడక్కుండా తెరిచాను, ఒప్పుకుంటున్నా.
బోర్లు: ఒకటి నుంచి నాలుగొందల పన్నెండు.
ఒక్కటీ వదల్లేదు మనిషి.

నా చేత్తోనే కొట్టాను ఆ వరుస.
ముందు పన్నెండు, వెనక పదమూడు.
నాన్న చీటీకి దారం ముడేసినట్టు
రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఆగస్టులో, ఒక మంగళవారం,
అరలో ఒక ఉత్తరం.
నాలుగొందల పదమూడు.
గుడ్లూరు దారి. మూడొందల ఎనభై అడుగులు. దుమ్మే.
రేపు ఇంకో రాడ్డు దించుతాం.