నలభై రెండు

మా సబ్‌జైలు గేటు పక్కన బోర్డు లేదు,
పలక ఉంది.
మార్కాపురంలో పలకకేం కొదవ!
పొద్దుగూకేవేళ తలలు లెక్కపెట్టి, తాళం వేసి
సుద్దముక్కతో అంకె వేస్తాం.
తెల్లారాక తడిగుడ్డతో తుడిచేస్తాం.
ఇరవై మందికని కట్టిన గదులు.
ఆ రాత్రి పలక మీద నలభై మూడు.

ఏసోబు గనిలో రాయి చీల్చినవాడు.
ఊళ్లూళ్ల పిల్లల చేత అఆలు దిద్దించిన రాయి
పొడి పొడిగా అతని ఛాతీలో పేరుకుంది.
తీసుకొచ్చిన రోజు ఫారంలో
ఆరోగ్యం ఎదురుగా ‘బాగు’ అని రాసింది నేనే.
రాస్తుంటే దగ్గాడు.
దగ్గుకు గడి లేదు ఆ ఫారంలో.

రాత్రి ఎప్పుడో దగ్గు ఆగింది.
ఆగింది గనకనే పక్కనున్నవాళ్లకు మెలకువొచ్చింది.
కమ్ములు కొట్టారు.
గడియారం ఉన్నవాడు లోపల లేడు,
తాళంచెవి ఉన్నవాడు బయట లేడు.

మూడు రిజిస్టర్లలో నా గుండ్రటి చేతిరాత:
ఆరుంపావుకు ప్రాణంతో ఆసుపత్రికి,
ఎనిమిది నలభైకి అక్కడే మరణం.
ఒక్క దిద్దుబాటు లేదు.
నిజమైతే ఎక్కడో ఒకచోట
కొట్టివేత ఉండేది.

చెల్లెలు దీనమ్మ వచ్చింది,
పది రూపాయల స్టాంపు అంటించిన తెల్లకాగితంతో.
ఎవరిచేతనో రాయించుకున్న ఒకే ప్రశ్న:
మా అన్న ఎన్ని గంటలకు పోయాడు?

పలక ఎప్పుడో తుడిచేశాం.

వంటింటి పద్దు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.
నూనె మరకల నడుమ మౌలాలి కోడికాళ్ల రాత:
తెల్లారుజాము అయిదు. జావ. 42.
పిలిపించి గద్దించారు.
“లేనోడికి గిన్నె పెట్టినట్టు రాస్తే
రాగిపిండి కాడ నేను దొంగనవుతా గదయ్యా” అన్నాడు.

రెండును మూడు చేయడం ఎంతసేపు,
చిన్న కొక్కెం చాలు.
పెద్దాయన పెన్ను మూత తీసి మరీ నా చేతికిచ్చి
టీ తాగడానికి వెళ్లాడు.

నేను ధైర్యవంతుణ్ణి కాను.
రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది.
పాళీ ఎండిపోయేదాకా
ఆ రెండునే చూస్తూ కూర్చున్నాను.
తర్వాత పేజీ జిరాక్సు తీసి
సీలు గుద్దాను.

దీనమ్మకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు.
డజన్ల లెక్కన పలకలు కట్టే చెయ్యి అది.
నలభై రెండు మీద వేలు పెట్టి అడిగింది,
“ఇందులో మా అన్న ఉన్నాడా సారూ?”
లేడమ్మా.
“అయిదు గంటలకే లేడు.”
ఆ మాట నన్నడగలేదు.
కాగితంతో అంది.

పేజీకి రెండు రూపాయలు.
కొంగుముడి విప్పి చిల్లర ఇచ్చి
రసీదు కావాలంది.
రాసిచ్చాను: పేరు, మొత్తం, తారీఖు.
ఆమె అడక్కపోయినా
టయిం కూడా వేశాను.