తప్పు చూపే గడియారం

మార్సమెల్హ్ చర్చికి రెండు గడియారాలు.
ఒకటి నడుస్తుంది. రెండోది గోడ మీది బొమ్మ,
ఎప్పుడు చూసినా పదకొండుకి ఐదు నిమిషాలు తక్కువ.
దయ్యానికి సరైన వేళ తెలియకూడదని
ఎవరి ముత్తాతో రంగుతో దిద్దించాడట.
"నీకూ అదే చాలు" అంది చెన్సా,
గది తాళంచెవి నా అరచేతిలో పెడుతూ.

గోజో దీవికి నేను నిద్ర కోసం వచ్చాను.
పదహారేళ్లు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
మానిటర్ల కూత చెవిలో గూడు కట్టుకుంది.
చెంచా కిందపడ్డా లేచి పరుగెత్తే కాళ్లు.
సూట్‌కేసులో మూడు పుస్తకాలు, రెండు రకాల మాత్రలు,
ఎండకి ఒక టోపీ,
ధర చీటీ ఇంకా తీయనిది.

మొదటి నాలుగు రోజులూ ఏమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడం ఎంత పెద్ద పనో అప్పుడు తెలిసింది.
పొద్దున్నే చెన్సా రొట్టెను అడ్డంగా కోసి
పండు టమాటా చెక్కతో ముఖమంతా రుద్దేది,
పసిపిల్లకి నలుగు పెట్టినట్టు.
పైన ఆలివ్ నూనె, నాలుగు కేపర్ మొగ్గలు.
ఉప్పు మాత్రం చిటికెడే.
"మా ఊరిది కదా, ఘాటెక్కువ."
ఉప్పుకి ఘాటేమిటని నవ్వాను.
తిన్నాక నవ్వలేదు.

మేడ మీంచి చూస్తే ఒడ్డంతా మడులే.
నా భాషలో నీళ్లు నిలిపి నారు పోసేదీ మడే,
నీళ్లు నిలిపి ఉప్పు పండించేదీ మడే.
ఇక్కడ మట్టిగట్లు లేవు. పసుపు రాతిలో
ఉలితో తొలిచిన గళ్లు,
ఒడ్డు పొడుగునా పరిచిన వామనగుంటల పీట.
రాత్రి సముద్రం వచ్చి తన వంతు ఆడి పోతుంది,
పగలు ఎండ ఆడుతుంది.
గెలిచిన గింజలు ఏరుకునేది గ్రేజ్యు.

చెన్సా తమ్ముడు. డెబ్బై మూడేళ్లు.
చీపురు పట్టి ఆయన వంగితే
మళ్లీ నడుం లేస్తుందా అని
నాడి చూసినట్టు లెక్కపెట్టేదాన్ని.
పన్నెండు, పదమూడు... లేచేది.
సాయం చేయనా అంటే
చీపురుతోనే నీడ చూపించాడు: కూర్చో.

కూర్చున్నాను.
పుస్తకం పదిహేడో పేజీ మీద పీతపిల్ల ఒకటి
కాసేపు ఆగి వెళ్లిపోయింది. దానికీ కథ పట్టలేదు.
మధ్యాహ్నాలు ఊరు కిటికీ రెక్కలు మూసుకుని పడుకునేది,
కుక్కలూ, పడవలూ,
చర్చి మెట్ల మీద ఎవరో మరిచిన సైకిలూ.
నేను మాత్రం పైకప్పు కేసి చూస్తూ
ఎవరూ లేని వార్డులో రౌండ్లు తిరిగేదాన్ని.

తొమ్మిదో రోజు, ఆగస్టులో రాకూడని మబ్బు.
ఆకాశం కంటే ముందు గ్రేజ్యు మోకాలికి తెలిసింది.
"షితా!" అని కేక.
ఆయన భాషలో నాకొచ్చిన ఆరు మాటల్లో అది లేదు,
అయినా అర్థమైంది.
పిండి చేతులతో చెన్సా, ఒంటి చెప్పుతో పక్కింటి జారెన్,
అంగీ ఎగదోపుకుని ఫాదరు గారు కూడా.
పాత తెరచాపలు, పరుపు దుప్పట్లు,
ఎవరిదో పెళ్లినాటి బల్లగుడ్డ,
కుప్పల మీద కప్పి రాళ్లు పెడుతున్నారు.
నేనూ పరుగెత్తాను. పరుగు నాకొచ్చిన విద్యే.
పారతో కొంత ఎత్తాను, టోపీతో కొంత.
ధర చీటీ ఉప్పులో కలిసిపోయింది.

వాన ఎంతసేపని? ఎనిమిది నిమిషాలు.
నాలుగు మడుల పంట పోయింది.
ఎవరైనా ఏడుస్తారేమోనని చూశాను,
ఓదార్చడం నా వృత్తి.
గ్రేజ్యు మోకాలు నొక్కుకుంటూ నీళ్ల కేసి ఏదో అన్నాడు.
చెన్సా విడమరిచి చెప్పింది:
"దాని దగ్గర తెచ్చిందే కదా. కాస్త బాకీ తీరింది."
ఆ తర్వాత ఆయన ఇంకో మాట కూడా అన్నాడు.
దాన్ని ఆమె విడమరచలేదు.

అరచేతుల్లో పగుళ్లు, పగుళ్లలో ఉప్పు. భగభగ.
చెన్సా బకెట్టు మంచినీళ్లలో నా చేతులు ముంచి
ఒక్కో వేలూ కడిగింది.
ఎందరి చేతులు కడిగానో నేను.
నావి ఇంకొకరు కడిగింది ఎప్పుడో గుర్తులేదు.

ఆ రాత్రి మాత్ర వేసుకోవడం మరిచాను.
లేచేసరికి కిటికీ నిండా వెలుతురు.
కింద చీపురు చప్పుడు, గీసి, ఆగి, గీసి.
తల తిప్పి చర్చి వైపు చూశాను:
పదకొండుకి ఐదు నిమిషాలు తక్కువ.
అది ఏ గడియారమో
కనుక్కోబుద్ధి కాలేదు.