జతపరచవలసిన పత్రాలు

"మార్కాపురంలో అట్లాంటి మహిళా హ్యాండ్‌బాల్ క్లబ్బు
ఉండినట్లు రుజువులు పంపండి" అని
ఒంగోలు నుంచి కాయితం వచ్చింది.
దయామణి తన మోకాళ్ళకు భృతి అడిగితే
వచ్చిన జవాబు ఇది.

రుజువంటే ఏం పంపేదయ్యా?
మా తీర్మానాల పుస్తకం పలక.
మా స్కోరుబోర్డు పలక.
ఎవరు చందా బాకీ, ఎవరి కాళ్ళకు బూట్లు లేవు,
ఆదివారం పొద్దున ఎవరింట్లో నీళ్ళ వంతు,
అన్నీ బలపంతో రాసి
తడిగుడ్డతో తుడిచేవాళ్ళం.
ఎనభై ఏడు నుంచి తొంభై ఆరు దాకా
తుడిచిందే మా చరిత్ర.

సరే, గుర్తున్నంత రాస్తా.

పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే పిల్లకాయలం ఏడుగురం,
కూరగాయల అంగడి అక్కాచెల్లెళ్ళు,
ఒక కాంపౌండరు కూతురు.
డ్రిల్లు టీచరు అచ్చాయమ్మ ఎక్కడో ఉత్తరాదిన
ఎండాకాలం శిక్షణలో నేర్చుకొచ్చిన ఆట.
"ఏంది మే అది, చేత్తో ఫుట్‌బాలా?" అనేది ఊరు.
గోలు స్తంభాలు సరుగుడు కట్టెలు.
వల కొత్తపట్నంలో పాతబడింది,
ఎండ ముదిరితే చేపల వాసన కొట్టేది.
పలకల పొడితో గీసేవాళ్ళం ఆరు మీటర్ల గీత,
ప్రతిసారీ ఒక పక్క వంకర.
దాని లోపల గోలీకి తప్ప ఎవరికీ అడుగు లేదు.
"గాల్లో ఉన్నంతసేపూ ఆ గీత నిన్నేం చెయ్యలేదు,
కింద పడేలోపు బంతి వదిలెయ్" అనేది టీచరు.
పగలంతా గొంతుక్కూర్చుని మేకులు కొట్టే మేము
సాయంత్రం ఆ మాట కోసం వచ్చేవాళ్ళం.

బంతి ఒకటే. పాతది, నున్నగా జారేది.
పట్టుకోసం తుమ్మజిగురు రాసుకుంటే
రాత్రి అన్నం వేళ్ళను వదిలేది కాదు.
మస్తాన్‌బీ నాయన ఆమె చెయ్యి వాసన చూసి
ఏం దొంగతనమో తేల్చుకోలేక ఊరుకునేవాడు.
మూడో ఏడు ఎవరో దాత నిక్కర్లు ఇచ్చాడు.
వారం రోజులు ఎవరూ వేసుకోలా.
టీచరు తెల్లారకముందే ఆట పెట్టింది.
నాలుగోనాటికి వెలుతురు వచ్చినా
కాళ్ళు దాచుకోవాలని ఎవరికీ తోచలా.

మీటరు గేజి రైల్లో అటు గిద్దలూరు, నంద్యాల,
ఇటు వినుకొండ, నరసరావుపేట.
దొనకొండలో బండి ఆగితే ఆగిందే,
ప్లాట్‌ఫారం మీద పాసులు వేసుకునేవాళ్ళం.
ఒకసారి టీసీ బంతి పట్టేసుకుని,
టిక్కెట్లడక్కుండా, తనూ విసిరాడు.
నంద్యాల మీద పదిహేడు, పద్నాలుగు.
ఈ ఒక్క లెక్కా ఖాయంగా చెప్పగలను,
ఆఖరి మూడూ నావి గనక.
మేం ఓడినవి గెలిచినవాళ్ళు రాసిపెట్టుకునే ఉంటారు,
వాళ్ళనడగండి.

దయామణి మా గోలీ.
బంతికి తప్పుకోవడం చేతకాదు, మొహమైనా అడ్డం పెట్టేది.
ముందు పన్ను పోయిన ఏడు
క్రిస్మస్ పాటల్లో 'స' పలకక
చర్చిలో చివరి వరసకు పోయి నిలబడింది.
మోకాళ్ళు ఆట వల్ల పోయాయో
ఇక్కడి ఫ్లోరైడు నీళ్ళ వల్ల పోయాయో
డాక్టరు తేల్చలా. నేనూ తేల్చను.

క్లబ్బు ఎప్పుడు మూతబడిందని ఐదో గడిలో అడిగారు.
మూతబడలేదండీ, తరిగింది.
ప్లాస్టిక్ పలకలొచ్చి ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే తలుపేశాయి,
మేస్త్రీల వెంట ముగ్గురు హైదరాబాదు బస్సెక్కారు.
పెద్ద పట్టాల కోసం రైలాపారు.
ఏడుగురు కావాలి ఆటకు. ఆరుగురితో ఒక నెల ఆడాం.
నలుగురమైనాక ఒక పక్క గోలు పీకి
కట్టెలు పొయ్యిలో పెట్టాం.
చివర్న టీచరు విసరడం, దయామణి ఆపడం, అంతే.
తర్వాత టీచరుకు బదిలీ.
గ్రౌండులో నీళ్ళ ట్యాంకు కట్టారు.
నీళ్ళు మాకూ కావాల్సిందే, దాన్నేమీ అనలేను.

ఫోటో లేదు. ముద్ర లేదు. నెంబరు అసలే లేదు.
జతపరుస్తున్నది దయామణిని.
సోమవారం పొద్దుటి బస్సుకు పంపుతున్నా.
మీ ఆఫీసు మెట్లు ఆమె ఎక్కలేదు, కింద నిలబడుతుంది.
మీరు కిటికీలోంచి
చేతికందింది ఏదైనా, టేబులు మీది ఆ గాజుగుండైనా సరే,
చెప్పకుండా విసరండి.