తరుగు

అరండల్‌పేట నాలుగో లైన్లో మా బ్రాంచి.
ఏసీ ఎప్పుడూ పద్దెనిమిది మీదే.
తలుపు తెరుచుకున్నప్పుడల్లా
యార్డు మనుషుల బట్టల్లోంచి మిర్చి ఘాటు
వాళ్లకంటే ముందే కౌంటర్ దాకా వచ్చి
మేనేజర్ని తుమ్మిస్తుంది.

నా పని గీటురాయి మీద గీయడం,
యాసిడ్ చుక్క వేసి చూడటం,
రాళ్లకీ లక్కకీ తరుగు తీయడం.
ఎవరి ఒంటి మీద ఎన్నేళ్లుందో రాసుకునే గడి
మా సిస్టమ్‌లో లేదు.

మస్తాన్‌బీ దుద్దులు ఇది మూడోసారి.
"జాగర్తగా ఉంటాయిగా?" అంది
హాస్టల్లో పిల్లని దింపినట్టు.
కవర్లో పెట్టి సీలేశాను.
ఆమె చెవి తమ్మెకి చీపురుపుల్ల ముక్క.

నెలాఖరు. ముంబయి నుంచి ఫోను.
టార్గెట్‌కి ఇంకా నాలుగొందల గ్రాములట.
"అయిపోతుంది సార్" అన్నాను,
ఎన్ని చెవులో, ఎన్ని మెడలో
లోపల లెక్క కట్టుకుంటూనే.

రాత్రి అన్నం వడ్డించడానికి వంగింది మా ఆవిడ.
లైటు కింద గొలుసు ఊగింది.
నోరు నా మాట వినలేదు:
"పన్నెండున్నర. తరుగు పోను పదకొండు."

తను ఏమీ అనలేదు.
గొలుసు జాకెట్లోకి తోసుకుని
పెరుగు గిన్నె నా వైపు జరిపింది.