అక్షరానికి ఇరవై

పామూరు బస్టాండు ఎదుట
ఆ బోర్డు రాసింది నేనే.
పేరు నలుపు, వెనక చదువు ఎరుపు.
అక్షరానికి ఇరవై; చుక్కలు ఊరికే పెట్టా.

"ఇంకా చోటుందిగా అబ్బయా,
లండనని కూడా తగిలించు" అన్నాడు మాల్యాద్రి.
కందుకూరు మందులషాపులో
సీసాలు తుడిచినవాడని నాకెరుకే.

ఆ ముసుర్లో చిన్నదాని ఒళ్లు పెనమైతే
భుజానేసుకుని
ఆ ఎర్రక్షరాల కిందికే పరిగెత్తా.
నా చేతిరాత
నన్నే నమ్మించింది.

నిన్న ఆఫీసర్లొచ్చి చెరిపెయ్యమన్నారు.
కూలి ఎవరిస్తారని అడగలేదు.
తెలుపు రెండు కోటింగులేశా.
ఎరుపు మొండిది,
ఎండేసరికి లేతగా పైకి తేలింది.

మధ్యాన్నం క్యారేజీ తెచ్చింది చిన్నది,
సూదేసిన కాలు ఈడ్చుకుంటూ.
ఈ ఏడే బళ్లో ఇంగ్లీషు మొదలెట్టారు.
నిచ్చెన పట్టుకుని, తల పైకెత్తి
ఒక్కోటీ కూడబలుక్కుంది:
ఎం... బి... బి...
"తర్వాతేంది నాయనా?"