చుట్టుదారి

మిర్చి యార్డుకి దగ్గర దారి ఒకటుంది.
వంతెన కింద నుంచి సైకిలు మీద పదమూడు నిమిషాలు.
స్తంభం స్తంభానికీ పుట్టినరోజు నాయకుడెవరో
దండం పెడుతూ, ఎండకి ముఖం పెచ్చులూడి.
మూత లేని మురుగుకాలువ. పక్కనే ఇడ్లీ బండి.
ఆ దారిన వెళ్లిన రోజు
కొట్లో అడుగు పెట్టేసరికే దవడలు బిగిసి ఉంటాయి.
ఎవరితో పోట్లాడానో గుర్తుండదు.

ఇంకోటి బ్రాడీపేట సందుల్లోంచి.
ఏడు నిమిషాలు ఎక్కువ.
గొప్పదేం కాదు.
అంచు అరిగిన ఎర్రగచ్చు అరుగు, దాని మీద
ఎవరి ఇంటిదో తేలని పిల్లి.
గోడకి సున్నం వేయించినాయన
పిచ్చుక గూడు చుట్టూ వదిలేసిన జానెడు పాత గోడ.
ప్రహరీ మీంచి వీధిలోకి ఒరిగిన రాధామనోహరం:
రాత్రి నేనొచ్చేటప్పుడు తెల్లగా,
పొద్దున్న వెళ్లేటప్పటికి ఎర్రగా.
ఈలోగా దానికేం తెలిసిందో.

అక్కడ పెడలు మీద కాలు దానంతటదే నెమ్మదిస్తుంది.
బస్తాల లెక్కా తరుగు లెక్కా తలలో మోస్తూ
పగలంతా ఘాటు మింగిన గొంతు
ఆ మలుపులో ఒక్కసారి
కడుపు దాకా ఊపిరి తీసుకుంటుంది.

డాక్టరు బీపీ బిళ్లని సగం చేశాడు.
"ఉప్పు మానేశావా?" అన్నాడు.
మానలేదు.
రోజూ ఒక గోడ చూస్తున్నానని చెప్పడానికి
సిగ్గేసింది.

సువార్తకీ చెప్పలేదు.
ఆలస్యమెందుకంటే రైలు గేటు పడిందన్నాను.
వానాకాలమైతే
మూడు వంతెనల దగ్గర నీళ్లు నిలిచాయన్నాను.
తను కొత్తపేటలో మందుల షాపులో బిల్లులు కొడుతుంది.
నిలబడి నిలబడి వాచిన కాళ్లు.
ఆ కాళ్లకి ఏడు నిమిషాలంటే
మాటలు కాదు.

మొన్న రాత్రి గుమ్మంలో విడిచిన ఆమె చెప్పుకి అంటుకుని
ఒక పువ్వు.
పొడుగు కాడ, అయిదు రేకులు,
తెలుపో ఎరుపో తేల్చుకునే లోపే నలిగింది.
ఏ పూలకొట్టూ అమ్మదు దాన్ని.
నేనేం అడగలేదు.
తను చారులో పోపు పెడుతోంది,
కూనిరాగంలాంటిదేదో తీస్తూ.

నిన్న పొద్దున్న ఇద్దరం ఒకేసారి బయల్దేరాం.
నేను సైకిలు దిగి నడిపిస్తున్నాను.
సందు మొదట్లో ఆగింది.
"నీకిటు దూరం కదా," అంది.

"నీకూ దూరమే," అన్నాను.