మూడో మజిలీ

సింగ్‌నగర్, పైపుల రోడ్డు పక్క సందు.
కరుణకుమార్ టైలరింగ్ షాపు. రాత్రి తొమ్మిదిన్నర.
బెల్లు నొక్కితే లోపల ఎర్రబల్బు వెలిగింది.
చీటీ మీద రాసిచ్చాడు:
"బొమ్మ బాగానే ఉంది. మాటే ఆలస్యం."

చెవులు వినపడని మనిషికి మాట ఆలస్యమేంటని
అడగబోయి, ఫోన్ చూసి ఊరుకున్నాను.
గాజువాక నుంచి చెల్లెలు సలోమి
చేతులతో ఏదో చెబుతోంది.
వేళ్ళు సగంలో ఆగి, వణికి,
ఒక్కసారే నాలుగు మాటలు మీదపడ్డాయి.
మొదటిదానికి ఇతను నవ్వేసరికి
అక్కడ ఆమె ఏడుస్తోంది.

లాప్‌టాప్ తీశాను.

మా తాత ఏలూరు కాలవ మీద లస్కరు.
చివరి చేలకి నీళ్ళందలేదంటే
లాకుల దగ్గర్నుంచి గట్టు పట్టుకు నడిచేవాడు,
తూము తూముకీ వంగి, గడ్డిపరక వదిలి
ఎన్ని అంగల్లో అది తనని దాటిందో లెక్కపెడుతూ.
నాదీ అదే కొలువు.
గడ్డిపరక కంటికి ఆనదు, అంతే.

ఒకటో మజిలీ, ఈ గోడమీది డబ్బా: రెండు మిల్లీసెకన్లు.
రెండు, ఆటోనగర్: ఏడు.
మూడు: చుక్కలు. మూడుసార్లు పిలిస్తే మూడు చుక్కలు.
నాలుగు: రెండొందల నలభై!
దొంగ దొరికాడన్నట్టు కరుణకుమార్ దానిమీద వేలు పెట్టాడు.
కాదని తల ఊపాను.
ఐదో దగ్గర మళ్ళీ పన్నెండే కదా.
పనిలో ఉన్నవాడు పిలిస్తే నిదానంగా పలుకుతాడు,
వచ్చిన సరుకుని మాత్రం ఆపడు.
ఆరు, చెన్నై: పంతొమ్మిది.
ఏడు: నూట ఎనభై.
ఎనిమిది, తొమ్మిది, పది... ఇక చివరిదాకా దిగలేదు.

ఏడోదాని పేరు చదివి తల పట్టుకున్నాను.
సింగ్‌నగర్‌కీ గాజువాకకీ మధ్య
సింగపూర్ వెళ్ళి వస్తోంది
ఆ పిల్ల ఏడుపు.

పైవాళ్ళకి ఫిర్యాదు పెట్టాను.
చీటీ మీద "రెండు రోజులు" అని రాసి,
రెండు కొట్టేసి నాలుగు చేశాను.

అతను ఇంకా మూడో వరస దగ్గరే ఉన్నాడు.
"ఇతను?"
"మాట్లాడడు. సరుకు మాత్రం దాటిస్తాడు."

చీటీలో చోటు అయిపోయింది.
సుద్దముక్క తీసి, కత్తిరించని నల్ల గుడ్డ మీద రాశాడు:
"మాట్లాడడా?
మీరు అతని భాషలో అడగలేదా?"

కాసేపు ఆ గుడ్డనే చూశాను.
పిలుపు రకం మార్చి, మళ్ళీ మొదటినుంచి పంపాను.

ఒకటి: రెండు.
రెండు: ఏడు.
మూడు: తొమ్మిది.

తిప్పి చూపించబోతే
అతను సూదిలో దారం ఎక్కిస్తున్నాడు,
తల ఎత్తనే లేదు.